కాటా చీటీ

జూన్ నెలంతా నా ఒంటికి తోతాపురి వాసన.
సబ్బుకు పోదు. చొక్కా కాలరు మీద ఈగలు.
బంగారుపాళ్యం దాటినాక బెంగళూరు రోడ్డుకు ఎడమ పక్క
గుజ్జు ఫ్యాక్టరీ, గేటు పక్కన గాజు గది,
గదిలో నేను. నా ముందర ఎర్ర అంకెల పెట్టె.
బండి ఎక్కుతుంది, అంకె వస్తుంది,
బటన్ నొక్కితే చీటీ.
పద్నాలుగేళ్లుగా నా పని ఇంతే.

ఈ ఏడు కాయ విరగ్గాసింది.
ఆ మాట ఎవరూ గట్టిగా అనడం లేదు,
చావు కబురు మాదిరి చెవిలో చెప్పుకుంటా ఉండారు.

టోకెన్ నూట అరవై మూడు. తవణంపల్లె చెంగల్రాయప్ప.
సోమవారం వరసలో నిలబెట్టిన ట్రాక్టరు
గురువారం కోడి కూసే వేళకు కాటా ఎక్కింది.
ఊళ్లో తూకం వేయించిన చీటీ తీసి
గాజుకు ఆనించి చూపించినాడు.
"నూటా తొంభై కిలోలు యాడికి పాయ సామీ?"
యాడికి పోతాయి.
కొంత ఎండ తాగింది. కొంత అడుగున మాగి కారి
టైరు మీద జిగటగా ఆరిపోయింది.
వరసలో నిలబడిన మూడు రాత్రుల్ని కూడా
ఆయన లెక్కలోనే కోసినాం.
దానిపైన నూటికి ఐదు తరుగు. కంపెనీ రూలు,
లామినేషన్ చేసి గోడకు తగిలించినాం.
కిలో నాలుగు రూపాయలు.
కోతకూలి, బాడుగ, డీజిలు, నాలుగు దినాల టీలు,
చీటీ వెనక్కి తిప్పి నా పెన్నుతోనే రాసుకున్నాడు.
రాసుకుని, పెన్ను మూత పెట్టి
నాకు తిరిగి ఇచ్చేసినాడు.

మా ఓనరు చెడ్డోడు కాదు.
ఎండలో వరస కట్టినోళ్లకు మజ్జిగ పోయించినాడు.
"నేనేం చేసేదప్పా, పైన రేటు పడిపోయింది" అంటాడు.
ఆ పైన ఉండేది ఎవురో ఆయనా చూడలేదు.
మాకు తెలిసిన పైన ఒకటే, కొండ మీది సామి.
ముడుపు కడితే ఆయనైనా వింటాడు.

కాణిపాకంలో ప్రమాణం చేస్తే
అబద్ధమాడినోడు బయటపడతాడంటారు.
నా కాటా ఒక్క అబద్ధం ఆడలేదు. సర్కారు సీలు వేసిన కాటా.
నిజమే చెప్తా కూడా
మనిషిని ముంచొచ్చని
నేను దీని దగ్గరే నేర్చుకున్నా.

ఆదివారం పలమనేరు బస్టాండులో మావాడు జూసు అడిగినాడు.
చిన్న సీసా, ఇరవై రూపాయలు. ఐదు కిలోల కాయ.
సన్న అక్షరాలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివినా.
నీళ్లు. చక్కెర. రంగు. మామిడి గుజ్జు పదకొండు శాతం.
అంటే సీసా అడుగున, బొటనవేలి ఎత్తున,
చెంగల్రాయప్ప.
మిగతా ఎత్తంతా ఎవురు?
మావాడు గుటగుటా తాగేసి
బస్సు కిటికీలోంచి సీసా విసిరేసినాడు.
బాగుండిందా అని అడిగినా.
బాగుండిందన్నాడు.
అంతకు మించి వాణ్ణి ఏమడగాలో తెలీలేదు.

రాత్రి షిఫ్టు. రెండు బండ్ల మధ్య ఖాళీ.
రాలిన కాయలు ఏరుకునే కన్నియమ్మ వచ్చింది,
వెనకాలే కూతురు దేవసేన.
పిల్ల కాటా మధ్యలో నిలబడి అరిచింది,
"అన్నా, నేనెంతుండా?"
ఇది లారీల కాటా.
ఇరవై కిలోలకు లోపు ఏదీ దీని కంటికి ఆనదు.
అంకె కదల్లేదు.
"గట్టిగా ఎగురు" అన్నా.
ఎగిరింది. చెప్పుల్లేని కాళ్లు, ఇనప రేకు, దబ్బుమని.
రెప్పపాటు ఇరవై వెలిగి ఆరిపోయింది.
"చూసినావా అమ్మా!" అని ఒకటే నవ్వు.
కన్నియమ్మ తల ఎత్తలేదు, ఏరుకుంటానే ఉంది.
నేనెందుకో బటన్ నొక్కినా.

మూడు దినాలకు, చొక్కా నానబెట్టినాక
నా పెండ్లాం జేబులోంచి తడి కాగితం తీసింది.
పేరు లేదు. టోకెన్ లేదు. బండి నంబరు లేదు.
నికర తూకం, సున్నా.
"ఎవురిదయ్యా ఇది? పారెయ్యాల్నా?"

ఎండలో వద్దు, చిరుగుతుంది,
నీడలో ఆరబెట్టు, అన్నా.